తెలుగు తెరలకు ఏఐ రాత సాయం: రొయ్యల చెరువుల యాప్ డిజైన్‌లో చాలాకాలం వాడిన తర్వాత

భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో రొయ్యల సాగు చేసేవారి కోసం మా చిన్న బృందం ఒక మొబైల్ యాప్ తయారు చేస్తోంది. ఏ చెరువుకు ఎంత మేత వేశారు, మేత ఎంత తిన్నాయో చూసుకునే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీటిలో ఆక్సిజన్ ఎంత ఉంది, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి అన్న లెక్కలను గట్టు మీద నిలబడే ఎక్కించుకోవడం దాని పని. తెరలన్నీ నేనే డిజైన్ చేస్తాను. దాదాపు రెండేళ్లుగా ఇందుకు, ఏఐ రాత సాయం లోపలే ఉన్న ఒక డిజైన్ సాధనాన్ని వాడుతున్నాను. తెర మీద ఏ పెట్టెనైనా ఎంచుకుని, అక్కడ రావలసిన మాట రాయమనో, ఉన్నదాన్ని కుదించమనో, మరో భాషలోకి మార్చమనో దాన్ని అడగవచ్చు. డిజైన్ సాధనాలు తయారు చేసే ఫిగ్మా సంస్థ 2024లో ఇటువంటి వసతులను ప్రకటించింది. ఈ తరహా సాయం ఇప్పుడు మరికొన్ని సాధనాల్లోనూ దొరుకుతోంది. నేను చెప్పదలచుకున్నది ఈ వసతి తీరు గురించే కాబట్టి, నా చేతిలో ఉన్న సాధనం ఏ సంస్థదో ఇక్కడ రాయడం లేదు.

ముందుగా దీనివల్ల కలిగిన మేలు చెప్పాలి, అది చిన్నదేమీ కాదు. ఇంగ్లిషు మాటలతో కొలిచి గీసిన తెరలో తెలుగు పెట్టగానే వరసలు ఇరుకైపోతాయి. మన లిపిలో గుడులు, ఏత్వాలు పైకి, ఒత్తులు కిందికి పోతాయి కనుక వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. ‘ఉష్ణోగ్రత’ అన్న ఒక్క మాటను బటన్ మీద పెట్టి చూస్తే చాలు, కింది ఒత్తు తెగుతోందో లేదో తేలిపోతుంది. ఇటువంటి పరీక్షకు కావలసిన మాటలను ఇదివరకు నేనే కూర్చుని పోగు చేసుకోవలసి వచ్చేది. ఇప్పుడు చెరువుల జాబితా ఉన్న తెరను ఎంచుకుని, ఒత్తులు దట్టంగా ఉన్న పేర్లు, ఒక్క మాటలో ముగిసే పేర్లు, నాలుగు మాటలు సాగే పేర్లు కలిపి నింపమంటే క్షణాల్లో నింపేస్తుంది. ‘తూర్పు గట్టు పెద్ద చెరువు’ అన్న పేరు రెండో వరసలోకి జారినప్పుడు పక్కనున్న డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) అంకె ఏమవుతుందో అప్పటికప్పుడే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం దాకా పెంచుకునే వీలుంది. వయసు మళ్లిన రైతులు చాలామంది ఫోన్‌లో అక్షరాలను పెద్దవి చేసుకునే వాడతారు కాబట్టి, నింపిన ప్రతి తెరనూ ఆ పరిమాణంలో ఒకసారి చూడకుండా నేను ముందుకు పంపను. ఈ ఒక్క పనికే అయినా ఈ సాయం నాకు కావాలి.

అక్షరాల లెక్క దగ్గర మాత్రం దీన్ని నమ్మడానికి లేదు. ‘రొయ్యలు’ అన్న మాటలో మన కంటికి కనిపించేవి మూడు అక్షరాలు; కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్ లెక్కలో అవి ఏడు. పది అక్షరాలు దాటకుండా రాయమని అడిగితే, అది ఏ పద్ధతిలో లెక్కపెట్టి ఇస్తుందో అడిగినవారికి అంతుపట్టదు. ఒకసారి పెట్టెలో సగం ఖాళీగా మిగిలితే, మరోసారి మాట పెట్టె దాటిపోతుంది. అందువల్ల నేను అక్షరాల సంఖ్య చెప్పడం మానేసి, మూడు నాలుగు రూపాలు అడిగి, వాటిని పెట్టె వెడల్పుతో పోల్చి చూసుకుంటాను. తెలుగులో ‘ష్ట్ర’ ఒకటీ ‘ర’ ఒకటీ ఒకే చోటు తీసుకోవు కాబట్టి చివరికి చూడవలసింది వెడల్పే.

అసలు చిక్కు వేరే చోట ఉంది, ఈ సమీక్ష రాయాలనిపించింది కూడా దాని గురించే. పెట్టెలు ఖాళీగా ఉన్న తెరను బృందం ముందు పెడితే, ఇక్కడ ఏం రావాలి, ఎప్పుడు రావాలి, ఎవరు చదువుతారు అన్న ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. ఏఐ నింపిన తెర నిండుగా, శుభ్రంగా, అచ్చు తప్పులు లేకుండా ఉంటుంది. అది చూసినవారికి అన్నీ ఆలోచించే పెట్టారన్న భావం కలుగుతుంది, ప్రశ్న నోటిదాకా రాదు.

సిగ్నల్ పోయినప్పుడు కనిపించే తెరనే తీసుకుందాం. ఊరికి దూరంగా, చేల మధ్య ఉన్న చెరువుల దగ్గర ఇది రోజూ ఎదురయ్యేదే. ఆ పెట్టెలో ఏఐ మొదట రాసి ఇచ్చినది ఇది: ‘అయ్యో! ఏదో పొరపాటు జరిగింది. చింతించకండి, మీ వివరాలు భద్రంగా ఉన్నాయి. దయచేసి కాసేపటి తర్వాత మళ్లీ ప్రయత్నించండి.’ చదవడానికి మర్యాదగానే ఉంది. కానీ వివరాలు భద్రంగా ఉన్నాయన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. సిగ్నల్ లేనప్పుడు లెక్కను ఫోన్‌లో దాచే ఏర్పాటు అప్పటికి మా యాప్‌లో లేనే లేదు. అటువంటి సందర్భంలో సాధారణంగా ఏ యాప్ అయినా అనే మాటను అది తెచ్చి పెట్టింది. తెర మీదున్న ఆ వాక్యం రైతుకు మేము ఇచ్చే మాట. దాని వెనక పని చేసే ఏర్పాటు లేదు. సమావేశంలో అందరూ ఆ తెరను చదివారు, ఎవరికీ అనుమానం రాలేదు. కోడ్ రాసే అబ్బాయి దాన్ని తన పనిలోకి తీసుకున్న రోజున, ‘ఇది ఎక్కడ దాస్తున్నామండీ?’ అని అడిగాడు.

అదే తెరను ఉండి దగ్గర ఒక లీజు రైతుకు చూపించినప్పుడు ఆయన, “అదంతా ఎందుకండీ, నేను కొట్టిన లెక్క ఎక్కిందా లేదా, ముందు అది చెప్పండి” అన్నారు. మాకు కావలసిన వాక్యం అక్కడ దొరికింది. ఫోన్‌లో దాచే ఏర్పాటు పూర్తయ్యాక తెర మీద పెట్టినది ఇది: ‘సిగ్నల్ లేదు. మీ లెక్క ఫోన్‌లో ఎక్కింది. సిగ్నల్ రాగానే ఆఫీసుకు వెళ్తుంది.’ దీన్ని కుదించమని ఏఐని అడిగితే ‘సిగ్నల్ లేదు. తర్వాత ప్రయత్నించండి’ అని ఇచ్చింది. పొడవు తగ్గిన మాట నిజమే, కానీ అది చదివిన రైతు అదే లెక్కను మళ్లీ కొడతాడు, ఒక పూట మేత రెండుసార్లు వేసినట్టు పుస్తకంలో నిలుస్తుంది. కుదింపులో ఏ ముక్క పోకూడదో దానికి తెలియదు, గట్టు మీద నిలబడ్డ మనిషి ఆ క్షణాన ఏ సందేహంతో ఉన్నాడో తెలిస్తేనే అది తెలుస్తుంది.

అంకెల దగ్గర ఇది మరింత ప్రమాదం. చెరువులోని నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానూ తీసుకుంటుంది. అందుకే డీఓ రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే హెచ్చరించాలని మా టెక్నీషియన్ నిర్ణయించారు. హెచ్చరిక తెరలో 4 అని నేను పెట్టగా, సహాయం తెరను నింపుతూ ఏఐ తనంతట తాను 5 అని రాసింది. వేర్వేరు సందర్భాల్లో ఆ రెండు అంకెలూ చెప్పేవారున్నారు కాబట్టి విడిగా చదివితే రెండూ సబబుగానే ఉంటాయి, ఒకే యాప్‌లో రెండు హద్దులు ఉండటమే తప్పు. ప్రతి పెట్టెనూ అది విడిగా చూస్తున్నందువల్ల పక్క తెరలో ఏముందో దానికి పట్టదు. అప్పటి నుంచి అంకె వచ్చే ఏ వాక్యాన్నీ దాని చేత రాయించడం లేదు. అంకె ఉన్న చోటల్లా టెక్నీషియన్ ఖరారు చేసిన పట్టిక నుంచే మాట వస్తుంది. హెచ్చరిక కూడా ‘తగిన చర్యలు తీసుకోండి’ అన్న దాని వాక్యంతో కాక, ‘3వ చెరువు: డీఓ 3.2. ఏరియేటర్లు వేయండి’ అని సూటిగా ఉంటుంది.

మాట తీరు విషయంలో రానురాను కొంత మెరుగు కనిపించింది. సీడ్, కౌంట్, పట్టుబడి, చెక్ ట్రే వంటి సాగు మాటలను, ‘మీరు’ అన్న మర్యాదను, ‘చేయబడింది’ వంటి కర్మణి వాక్యాలు వద్దన్న సూచనను ఒక పేజీగా రాసి సాధనానికి శాశ్వతంగా అప్పగించాక, మొదటి ముసాయిదాలు చదవదగ్గవిగా వస్తున్నాయి. అయినా పొడవైన తెరల్లో మధ్యలో ఎక్కడో ‘చేయబడింది’ తిరిగి వచ్చేస్తుంది.

ఖర్చు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ వసతి నెలవారీ క్రెడిట్ల మీద నడుస్తుంది, తెలుగు అదే విషయం చెప్పే ఇంగ్లిషు కంటే వాటిని తొందరగా తినేస్తుంది. తెలుగు మాటను ఈ యంత్రాలు ఎక్కువ ముక్కలుగా విడగొట్టి చదవడం అందుకు కారణం. తెలుగులోనే పనిచేసే చిన్న బృందాలు చందా కట్టే ముందు ఇది లెక్కలోకి తీసుకోవాలి.

ప్రస్తుతం మా పద్ధతి ఇది. ఏఐ రాసిన ప్రతి వాక్యానికీ తెర మీద పసుపు రంగు వేస్తాను. ఆ వాక్యం చెప్పే పని యాప్‌లో నిజంగా జరుగుతోందని కోడ్ రాసేవారు, అర్థమవుతోందని గట్టు మీద చదివిన ఒక రైతు ఒప్పుకున్నాకే ఆ రంగు తీస్తాం. సమావేశంలో పసుపు కనిపించిన చోట ప్రశ్నలు మళ్లీ పుడుతున్నాయి. ఆ రంగును మేము చేత్తో వేసుకోవలసి వస్తోంది. తాను రాసినదేదో, మనిషి రాసినదేదో సాధనానికి తెలుసు కనుక ఈ గుర్తును అదే పెట్టగలదు. తయారీదారులను నేను కోరేది ఇంకో పది రకాల రాత శైలులు కాదు, ఈ ఒక్క గుర్తు. అది వచ్చేదాకా తెలుగు యాప్‌లు చేసేవారికి ఈ సాయాన్ని పరీక్ష మాటలు నింపడానికి, పొడవు పొట్టి రూపాలు పోల్చుకోవడానికి ధైర్యంగా వాడమంటాను. తప్పు జరిగినప్పుడు కనిపించే తెరలను, డబ్బో మందో మేతో కొలిచి చెప్పే తెరలను మాత్రం మీరే రాసుకోండి.