అంతరిక్షంలో జేసనా, పిన్‌హెడ్డా: ఏది మేలు?

సిరీస్ సాగీ సాగీ నీరసపడ్డాక విలన్‌ని అంతరిక్షానికి ఎక్కించడం హాలీవుడ్‌లో ఒకప్పటి ముచ్చట. 1996లో 'హెల్‌రైజర్: బ్లడ్‌లైన్'తో ఆ హారర్ సిరీస్ విలన్, తలనిండా మేకులున్న పిన్‌హెడ్ వెళ్లాడు. 2002లో అమెరికా థియేటర్లకొచ్చిన 'జేసన్ ఎక్స్'తో, అంటే 'ఫ్రైడే ది 13త్' పదో భాగంతో, ముసుగు హంతకుడు జేసన్ వెళ్లాడు. ఒక్కటే చూస్తామంటే జేసన్‌దే చూడండి.

టాడ్ ఫార్మర్ రాసిన స్క్రిప్ట్ పైకి కనిపించినంత తిక్కది కాదు. 2010లో గడ్డకట్టిన జేసన్‌ని 2455లో విద్యార్థులు తమ అంతరిక్ష ఓడలోకి తెస్తారు. అతని కత్తి పడి ఒకడి చేయి తెగితే నానో-చీమలు, అంటే ఒంటిని బాగుచేసే అతిచిన్న రోబోలు, అతికిస్తాయి. అప్పటికది జోకు. తర్వాత ఆండ్రాయిడ్ పిల్ల, అంటే మనిషి రూపంలోని రోబో, కాల్చి తుక్కు చేసిన జేసన్ పడేది నానో-చీమలున్న వైద్య బల్ల మీదే. లోహపు జేసన్ లేస్తే "ఇదెలా?" అని అడగక్కర్లేదు.

కానీ ఆ లోహపు ముసుగే నష్టం కూడా. భారంగా ఊపిరి తీస్తూ భుజాలతోనే కోపం చూపించడం జేసన్‌గా వేసిన కేన్ హాడర్ బలం; కవచం వేశాక అది సగం పోయింది. అందుకే మొదటి సగం బాగుంటుంది. ఇరుకు కారిడార్లలో, మెల్లగా నడిచే హంతకుణ్ని తప్పించుకుని పోయే చోటే లేదు.

జేసన్ ఒకామె మొహాన్ని ద్రవ నైట్రోజన్‌లో ముంచి పగలగొట్టే సీన్ అందరికీ గుర్తే. సైన్సు మాత్రం ఒప్పుకోదు: మైనస్ 196 డిగ్రీల ద్రవం వెచ్చని చర్మానికి తగలగానే ఆవిరి పొర కట్టి కాసేపు అడ్డుపడుతుంది. కొన్ని సెకన్లలో తల గాజులా గడ్డకట్టదు. అయినా సీన్ పండింది.

ఆలోచన పరంగా 'బ్లడ్‌లైన్' గొప్పది. పిన్‌హెడ్‌ని పిలిచే పెట్టె చేసినవాడి వంశస్థుడు, 2127లో అంతరిక్ష కేంద్రాన్నే బోనుగా కడతాడు. 18వ శతాబ్దపు పారిస్ నుంచి కథ వరుసగా నడవాల్సింది. పిన్‌హెడ్ త్వరగా కనపడాలని మళ్లీ షూట్ చేయించి, ఫ్లాష్‌బ్యాకులుగా మార్చారు. దర్శకుడు కెవిన్ యాగర్ పేరు తీయించుకున్నాడు. తెరమీద అలెన్ స్మిథీ అని, సినిమా తమది కాదనుకున్న దర్శకులు వాడే మారుపేరు పడుతుంది. గంటన్నరలోపు మూడు కాలాలు ఇరికిస్తే అంతరిక్షానికి మిగిలింది కాస్తే.

అంతరిక్షానికి వెళ్లిన మరో హారర్ విలన్ సినిమా 'లెప్రకాన్ 4' చూడాల్సింది భయానికి కాదు, లెప్రకాన్‌గా వేసిన వార్విక్ డేవిస్ అల్లరికి.

'బ్లడ్‌లైన్'కి ముందు 1987 నాటి మొదటి భాగం తప్పనిసరి, లేకపోతే పెట్టె సంగతి అర్థం కాదు. 'జేసన్ ఎక్స్'కి ఏదీ అక్కర్లేదు. 1988 నాటి ఏడో భాగం చూసుంటే మాత్రం, జేసన్ పాత అడ్డా క్రిస్టల్ లేక్‌ని హోలోగ్రామ్‌గా చూపించే చోట, మనిషున్న స్లీపింగ్ బ్యాగ్‌ని ఎత్తి కొట్టే జోకు ఇంకాస్త పేలుతుంది.