కనబడని పక్కింటోళ్లా, లాటరీ తగిలిన జిగ్స్ కథా: ఏది మేలు?

1913లో అమెరికా పత్రికల్లో రెండు కామిక్ స్ట్రిప్పులు మొదలయ్యాయి, రెండూ గొప్పలకు పోయేవాళ్ల మీదే. ఒకటి జార్జ్ మెక్‌మానస్ గీసిన ‘బ్రింగింగ్ అప్ ఫాదర్’, ఇంకోటి పాప్ మోమండ్ ‘కీపింగ్ అప్ విత్ ది జోన్సెస్’. అనంతపురంలో ఒక కాలనీలో ఉంటూ చదివితే నాకు రెండోదే గట్టిగా తగిలింది.

మొదటిదాంట్లో జిగ్స్ అని ఇటుకల పని చేసిన మనిషికి లాటరీ తగులుతుంది. భార్య మ్యాగీకి పెద్దింటోళ్ల సావాసం కావాలి, ఈయనకేమో పాత దోస్తులూ, క్యాబేజీతో ఉడికించిన ఉప్పు మాంసమూ కావాలి. జారుకుంటాడు, దొరికిపోతాడు, ఆమె అప్పడాల కర్ర ఎత్తుతుంది. ఈ కథే 2000 దాకా నడిచింది! మన దగ్గరైతే, సైటుకు రేటొచ్చి మూడంతస్తులు లేపినాయన తన గృహప్రవేశంలోనే పాస్తా కౌంటర్ చూసి తట్టుకోలేక, సందు చివర బండి దగ్గర ఉగ్గాని బజ్జి తింటూ భార్యకు దొరికినట్టు. నవ్వొస్తుంది. కానీ మనం హాయిగా జిగ్స్ పక్షాన చేరిపోతాం, నవ్వంతా మ్యాగీ మీద పడుతుంది, గొప్పల యావ ఆడవాళ్లదే అన్నట్టు. (మా సందులో ఎలివేషన్ కోసం అప్పు చేసినోళ్లంతా మగవాళ్లే.)

మోమండ్ దాంట్లో అలా తప్పించుకోవడానికి లేదు. న్యూయార్క్ శివార్లలో కాపురమున్నప్పుడు చుట్టుపక్కల వాళ్లను చూసి తాహతుకు మించి ఖర్చు పెట్టిన అనుభవంతోనే ఆయన అది గీశాడు. మెక్‌గినిస్ కుటుంబం జోన్స్ వాళ్లకు తీసిపోకూడదని నానా తిప్పలు పడుతుంది, ఆ జోన్స్ వాళ్లు మాత్రం బొమ్మలో ఒక్కసారీ కనబడరు. బొమ్మలో ముచ్చట తక్కువే, మెక్‌మానస్ గీత ముందు ఇది నిలవదు, అయినా కనబడని ఆ పక్కిల్లే అసలు దెబ్బ. వాళ్లకు నిజంగా ఏముందో మనకు తెలీదు, మన ఊహతోనే మనకు పోటీ.

మా ఎదురింటోళ్లు స్టీలు గేటు పెట్టించారని మేమూ మంచి ఇనుప గేటు పీకించి, చీటీ డబ్బులన్నీ పోసి స్టీలుది పెట్టించాం. నెల తర్వాత ఆ ఎదురింటామె మా ఇంట్లో టీ తాగుతూ, “మీరు పైన రూము ఏపిస్తాన్నారని తెలిసే మేం గేటు మార్పిచ్చింటిమి అక్కా” అంది. మేం పైన వేయించింది రూము కాదు, వాన నీళ్లు కారకుండా రేకులు.