‘నాన్నగారి కలెక్షన్’ పేరుతో అమ్ముతున్న పాత కంప్యూటర్ల లాట్‌తో జాగ్రత్త

పాత హోమ్ కంప్యూటర్లు సేకరించేవాళ్లు ఇది చదివాకే ఎవరికైనా అడ్వాన్సు పంపండి. కమొడోర్ 64, బీబీసీ మైక్రో, అమిగా 500, స్పెక్ట్రమ్ ప్లస్ నాలుగూ కలిపి ఒకే లాట్‌గా ఒక ప్రకటన తిరుగుతోంది. "మా నాన్నగారు లండన్‌లో ఉన్నప్పుడు కొనుక్కున్నవి, ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేస్తున్నాం, అన్నీ వర్కింగ్ కండిషన్, విడిగా ఇవ్వం" అని ఉంటుంది. ఫోటోల్లో దివాన్ మీద గళ్ల దుప్పటి పరిచి, దాని మీద మెషిన్లు పెట్టి ఉంటాయి. ధర 45 వేలు. నేను ఆ లాట్ కొన్నాను. నాలుగు డబ్బాలూ వచ్చాయి, కానీ లోపల ఉండాల్సినవన్నీ లేవు.

అమ్మినతని పేరు ఇక్కడ రాయను. ఫిర్యాదు నడుస్తోంది, పైగా ఇతను పేర్లు మారుస్తున్నాడు కాబట్టి పేరు తెలిసినా మీకు ఉపయోగం లేదు. ఏ పద్ధతిలో మోసం చేస్తున్నాడో తెలిస్తే చాలు.

ముందు కమొడోర్ సంగతి చెబుతాను, ఎందుకంటే అసలు తెలివంతా అక్కడే ఉంది. కొనేముందు ఆన్ చేసి వీడియో పంపమని అడిగాను. పంపాడు. నీలం స్క్రీన్, పైన 38911 బేసిక్ బైట్స్ ఫ్రీ అనే లైను, కింద రెడీ, మెరుస్తున్న కర్సర్. 1982లో వచ్చిన ఈ మెషిన్‌లో మెమరీ ఆరోగ్యంగా ఉంటే ఆ 38911 అంకె కచ్చితంగా రావాలి. ఒక్కటి తగ్గినా ఎక్కడో ర్యామ్ చిప్ పోయిందని అర్థం. కాబట్టి వీడియో అబద్ధం కాదు. సౌండ్ కూడా వినిపించమని అడిగితే, "టీవీ స్పీకర్ పోయింది సార్, బొమ్మ మాత్రమే వస్తుంది" అన్నాడు. పాత టీవీ కదా, నమ్మశక్యంగానే ఉంది.

మెషిన్ వచ్చాక నా దగ్గరున్న కొత్త పవర్ సప్లైతో ఆన్ చేస్తే అదే స్క్రీన్ వచ్చింది, 38911 కూడా వచ్చింది. సౌండ్ మాత్రం లేదు. మూత విప్పి చూస్తే సిడ్ చిప్ ఉండాల్సిన 28 కాళ్ల సాకెట్ ఖాళీ. కమొడోర్ 64కు ఇంత పేరు తెచ్చిందే ఆ సౌండ్ చిప్. ఈ రోజు మొత్తం బోర్డు మీద ఎక్కువ ధర పలికేవాటిలో అదొకటి. ఆ చిప్ లేకపోయినా కంప్యూటర్ మామూలుగా బూట్ అవుతుంది, టైప్ చేస్తే అక్షరాలు పడతాయి. ఈ సంగతి తెలిసినవాడే టీవీ స్పీకర్ కథ చెప్పగలడు.

ఫోన్ చేసి అడిగితే, "వీడియోలో చూపించినట్టే ఉంది కదా సార్, చూసుకునే కదా తీసుకున్నారు" అన్నాడు. సౌండ్ గురించి నేను అడిగిందీ, అతను ఇచ్చిన జవాబూ చాట్‌లో ఉన్నాయని గుర్తు చేశాను. అప్పటిదాకా సార్ అన్నవాడు "బ్రో, నలభై ఏళ్ల వస్తువు బ్రో, ఇంకేం ఎక్స్‌పెక్ట్ చేస్తారు" అని పెట్టేశాడు. ఆ తర్వాత బ్లాక్. కొద్ది రోజులకే వేరే అకౌంట్‌లో "ఒరిజినల్ 6581 సిడ్ చిప్, టెస్టెడ్" అని ఒక ప్రకటన కనిపించింది. కింద అదే గళ్ల దుప్పటి.

అందుకే వీడియో అడిగేటప్పుడు బూట్ స్క్రీన్‌తో సరిపెట్టుకోకండి. కమొడోర్ అయితే టీవీ సౌండ్ పెంచి, పోక్ (POKE) 54296,15 అనే బేసిక్ కమాండు కొట్టి ఎంటర్ చేయమనండి, తర్వాత పోక్ 54296,0. పాత 6581 చిప్ ఉంటే ప్రతిసారీ స్పీకర్‌లో టక్‌మని వినిపిస్తుంది. తర్వాత వచ్చిన 8580 చిప్‌లో ఆ శబ్దం చాలా తక్కువ, దానికి ఏదైనా గేమ్ లోడ్ చేసి చూపించాలి. అన్నిటికన్నా నయం, మూత తీసి బోర్డు ఫోటో పంపమనడం. మూడు స్క్రూలు విప్పితే అయిపోయే పని. "సీల్ పోతుంది సార్, విలువ తగ్గుతుంది" అనేవాడి దగ్గర కొనకండి. లోపల ఏముందో చూపించని సీల్‌కు విలువేమిటి?

విడిగా సిడ్ చిప్ కొనేవాళ్లకూ ఒక మాట. వేరే పాత చిప్‌ల మీద అంకెలు గీకేసి, 6581 అని కొత్తగా ముద్రించి అమ్మడం ఎప్పటినుంచో ఉంది. ముద్ర మరీ తెల్లగా, తాజాగా కనిపిస్తే అనుమానించండి. అసిటోన్‌లో ముంచిన దూదితో మెల్లగా రుద్దితే ఇలాంటి ముద్ర చాలాసార్లు చెరిగిపోతుంది. అసలైనదే దొరికినా బోర్డు చూసుకోకుండా పెట్టకండి. 6581కు 12 వోల్టులు కావాలి, 8580కి 9 వోల్టులే. 12 వోల్టుల బోర్డులో 8580 పెడితే దాన్ని మీ చేతులతో మీరే చంపినట్టు.

ఇక అడాప్టర్. ప్రకటనలో "ఒరిజినల్ అడాప్టర్ ఫ్రీ" అని గొప్పగా రాశాడు. కమొడోర్ విషయంలో అది ఫ్రీగా ఇచ్చినా వాడకూడనిది. ఇటుకలా ఉండే ఆ నల్ల డబ్బా నిండా ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోసి మూసేస్తారు కాబట్టి విప్పి బాగుచేసే వీలు లేదు. లోపలి 5 వోల్టుల రెగ్యులేటర్ ముసలిదై చెడిపోయినప్పుడు వోల్టేజీ తగ్గదు, పెరుగుతుంది. ఆ పెరిగిన వోల్టేజీ నేరుగా ర్యామ్ చిప్‌ల మీదికి పోతుంది. నాకు వచ్చినదాన్ని మెషిన్‌కు పెట్టకుండా 7 పిన్నుల ప్లగ్‌లో 2, 5 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టి చూశాను. 6 వోల్టులు దాటింది, కాసేపు ఉంచితే ఇంకా పైకి పోతోంది. 5.2 దాటితే పక్కన పడేయాల్సిందే. ఒకవేళ సరిగ్గా 5 చూపించినా నిశ్చింతగా ఉండకండి, మెషిన్‌కు పెట్టనప్పుడు బాగుండి, పెట్టి వేడెక్కాక పెరిగేవీ ఉన్నాయి. కొత్తగా తయారైన సప్లై కొనుక్కోండి, లేదా వోల్టేజీ పెరగగానే కరెంటు ఆపేసే చిన్న సర్క్యూట్ మధ్యలో పెట్టుకోండి. అమెరికా నుంచి అన్నయ్యో బావగారో పాత కమొడోర్ తెస్తానంటే ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. అక్కడి అడాప్టర్ 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్‌లో పెడితే పరీక్షించడానికి కూడా ఏమీ మిగలదు.

స్పెక్ట్రమ్ దగ్గర అబద్ధం మరీ తేలిగ్గా దొరికిపోయింది. దాంతో పాటు ఒక 9 వోల్టుల రౌటర్ అడాప్టర్ పంపి, "ఇదే అడాప్టర్‌తో రోజూ నడిపాం" అన్నాడు. స్పెక్ట్రమ్ ప్లగ్‌లో మధ్య పిన్ను నెగెటివ్. ఇప్పటి రౌటర్ల అడాప్టర్లలో దాదాపు అన్నిటికీ మధ్య పిన్ను పాజిటివ్, ఇతను పంపినది కూడా అంతే. అంటే దాంతో నడిచే ప్రశ్నే లేదు, పెట్టి ఉంటే బోర్డు దెబ్బతిని ఉంటుంది. నిజంగానే బోర్డులో చాలా భాగం పోయింది. కీబోర్డు కింది ప్లాస్టిక్ పొర కూడా విరిగి ఉంది, కానీ దానికి అతన్ని తప్పుపట్టను. ఆ పొర ఎవరింట్లో ఉన్నా ఇన్నేళ్లకు పెళుసెక్కుతుంది, కొత్తవి దొరుకుతున్నాయి కూడా.

బీబీసీ మైక్రో మీద నాకు మొదటినుంచీ మమకారం ఎక్కువ. స్కూళ్లలో కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన ‘క్లాస్’ అనే ప్రభుత్వ ప్రాజెక్టు కింద మన దేశంలో ఎన్నో స్కూళ్లకు వెళ్లిన మెషిన్ అది. మా తరంలో చాలామంది మొదటిసారి కీబోర్డు ముట్టుకున్నది చెప్పులు బయట విడిచి వెళ్లిన ఆ ఏసీ గదిలోనే. అలాంటివి ఎన్ని తుక్కు కింద పోయాయో! ఈ మెషిన్ పవర్ సప్లైలో రీఫా కంపెనీ ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. పసుపు రంగులో పారదర్శకంగా కనిపిస్తాయి. లోపల కాగితం, పైన తొడుగు. ఏళ్లు గడిచేకొద్దీ తొడుగు మీద సన్నటి పగుళ్లు వచ్చి లోపలికి తేమ చేరుతుంది. చాలాకాలం తర్వాత కరెంటు ఇస్తే కొద్ది నిమిషాల్లో ఢామ్మని పేలి గదంతా పొగ, రోజుల తరబడి వదలని వాసన. కాబట్టి బీబీసీ మైక్రో ఇంటికి రాగానే ఆన్ చేయకండి, ముందు ఆ కెపాసిటర్లు మార్పించండి. ఖరీదు చాలా తక్కువ. సప్లై లోపల ప్లగ్ తీశాక కూడా కరెంటు నిలవ ఉంటుంది కాబట్టి తెలిసినవాళ్ల చేతే చేయించండి. నాకు వచ్చినదాంట్లో అవి అప్పటికే పేలి, గోధుమరంగు జిగురు చుట్టుపక్కలంతా అంటుకుని ఉంది. అంటే ఇతను ఆన్ చేశాడు, పొగ వచ్చింది, మూసేసి "వర్కింగ్" అని రాశాడు. ఇలా పేలినా మెషిన్ బతికే ఉండటం మామూలే, ఇదీ బతికింది. బీబీసీ కంప్యూటర్ 32కే అనే లైను కనిపించినప్పుడు మాత్రం ఆ 45 వేల బాధ కాసేపు మర్చిపోయాను.

అమిగాది పెద్ద నష్టం. 1987 నాటి అమిగా 500 అడుగున చిన్న తలుపు ఉంటుంది, అందులో చాలామంది ఏ501 అనే అదనపు మెమరీ కార్డు పెట్టుకునేవారు. గడియారం నడవడానికి దాని మీద రీచార్జబుల్ నికెల్ కాడ్మియం బ్యాటరీ సోల్డర్ చేసి ఉంటుంది. అది కారుతుంది. కారుతుందా లేదా అన్నది ప్రశ్న కాదు, ఎప్పుడు అన్నదే. కారిన క్షారం కార్డు మీది రాగి గీతలను తిని, కనెక్టర్ దాటి మెయిన్ బోర్డు మీదికి పాకుతుంది. అమ్మకం ఫోటోల్లో అన్ని వైపులూ ఉన్నాయి, అడుగు తలుపు తెరిచిన ఫోటో ఒక్కటీ లేదు. అమిగా ఎవరు అమ్మినా ముందు ఆ తలుపు తెరిచిన ఫోటో అడగండి. ఇప్పటికే మీ ఇంట్లో అమిగా ఉంటే ఈ రాత్రికే తెరిచి, బ్యాటరీ కత్తిరించి తీసేయండి. పచ్చటి పొడి కనిపిస్తే కొద్దిగా వెనిగర్‌తో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలికి ఈ తినివేత ఇంకా తొందరగా సాగుతుంది, సిలికా జెల్ పొట్లాలు వేసి మూతబిగించిన డబ్బాల్లో పెట్టుకోవడం నయం.

లాట్‌తో వచ్చిన ఫ్లాపీల మీద బూజు ఉంది. బూజు పట్టిన ఫ్లాపీ డ్రైవ్‌లో పెడితే దాని హెడ్ మురికై, తర్వాత పెట్టే మంచి ఫ్లాపీని కూడా గీకేస్తుంది. పెట్టకండి. బాగున్నవాటిని గ్రీజ్‌వీజిల్ లాంటి చిన్న బోర్డుతో ఇప్పటి కంప్యూటర్‌లోకి కాపీ చేసి దాచుకోండి, అసలువి మళ్లీ మళ్లీ తిప్పకండి. గేమ్ పేరు రాసి ఉన్న ఒక క్యాసెట్ పెడితే కీచుమనే లోడింగ్ శబ్దానికి బదులు వెంకటేశ్వర సుప్రభాతం వచ్చింది. దానికి మాత్రం అతని మీద కోపం రాలేదు.

పాతవి చెడిపోయి రావడం మోసం కాదు. "ఆన్ చేయలేదు, ఎలా ఉందో తెలియదు" అని చెప్పి తక్కువకు అమ్మేవాళ్ల దగ్గర నేను ఎన్నో తీసుకున్నాను, మళ్లీ తీసుకుంటాను. అన్ని చిప్‌లూ ఉన్న చచ్చిన మెషిన్, చిప్‌లు పీకేసిన వర్కింగ్ మెషిన్ కన్నా మేలు. తెల్లగా మెరిసే డబ్బాకు ఎక్కువ ఇవ్వకండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే పాత ప్లాస్టిక్‌కు పట్టిన పసుపు రంగు పోతుంది, కానీ చాలాసార్లు తిరిగి వస్తుంది.

ఇక్కడ మోసాలు ఎక్కువ, ఇంగ్లండ్ నుంచే నేరుగా తెప్పించుకుందాం అనుకునేవాళ్లు కూడా ఆలోచించుకోండి. వాడిన కంప్యూటర్ల దిగుమతికి ప్రభుత్వ అనుమతి కావాలి. కస్టమ్స్‌లో పార్శిల్ ఆగిపోతే అమ్మినవాడు ఎంత మంచివాడైనా చేయగలిగింది లేదు.

పార్శిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా కట్ లేకుండా వీడియో తీయండి, మెషిన్ అడుగున ఉన్న సీరియల్ నంబరు అందులో కనిపించాలి. నా ఫిర్యాదుకు ఇప్పుడు అదే ఆధారం. ఫోటోలో చూపించిన నంబరే డబ్బా మీద ఉంది, సాకెట్ మాత్రం ఖాళీగా ఉంది. యూపీఐలో పంపిన డబ్బు బ్యాంకు తనంతట తాను వెనక్కి ఇవ్వదు. మోసం అని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు అకౌంట్లు మారిపోతుంది.

అతను ఇప్పుడు కొత్త లాట్ పెట్టాడు. ఈసారి మామయ్యగారి కలెక్షన్ అట, అటారీ ఎస్టీ కూడా ఉంది. మీలో ఎవరైనా "టెస్టెడ్ 6581" అని ఆ మధ్య ఒక సిడ్ చిప్ కొని ఉంటే మీ తప్పేం లేదు, చిప్ కూడా నాకు వద్దు. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు పంపిన రసీదు మాత్రం చెరపకుండా ఉంచి నాకు మెసేజ్ చేయండి. రెండు అకౌంట్లూ ఒకరివేనని చూపించడానికి అవే కావాలి.