ఈక్విటీ వాటా పెరిగిపోతే ఏది మేలు: అమ్మి సర్దడమా, కొత్త పొదుపుతో సర్దడమా, ఫండ్‌కే అప్పగించడమా?

కొన్నేళ్లుగా మదుపు చేస్తున్నవారు అడిగే ప్రశ్నల్లో ఏ ఫండు కొనాలన్నదే తరచుగా వినిపిస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది, అరుదుగా చర్చకు వచ్చేది మరొకటి ఉంది. షేర్లలో (ఈక్విటీలో) 60 శాతం, స్థిరాదాయ పథకాల్లో 40 శాతం ఉంచాలని నిర్ణయించుకొని మొదలుపెట్టిన మదుపు, మార్కెట్ పెరిగేకొద్దీ తనంతట తానే 70కి 30గా మారిపోతే ఏం చేయాలి? దీనికి మూడు దారులున్నాయి. పెరిగిన ఈక్విటీలో కొంత అమ్మి స్థిరాదాయంలోకి మార్చడం ఒకటి. ఉన్నది కదిలించకుండా కొత్త పొదుపంతా తగ్గిన వాటావైపు మళ్లించడం రెండోది. షేర్లూ స్థిరాదాయమూ రెండూ కలిపి ఉంచి, ఈ పని లోపలే చేసిపెట్టే హైబ్రిడ్ ఫండ్‌కు మొత్తం బాధ్యత అప్పగించడం మూడోది.

వీటిని తూచే ముందు, ఈ సర్దుబాటు (రీబ్యాలెన్సింగ్) ఎందుకన్నది స్పష్టంగా ఉండాలి. రీబ్యాలెన్సింగ్ వల్ల రాబడి పెరుగుతుందని చాలామంది చెబుతారు గాని, మార్కెట్ ఏళ్ల తరబడి పెరుగుతూ పోయే కాలంలో ఎప్పటికప్పుడు ఈక్విటీ తగ్గించుకున్నవారికి రాబడి కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. దాని అసలు ప్రయోజనం రిస్కును మనం తట్టుకోగలమని అనుకున్న చోటే నిలపడం. 2020 జనవరిలో 12,362 వద్ద ముగిసిన నిఫ్టీ మార్చి 23 నాటికి 7,610కి, అంటే దాదాపు 38 శాతం పడిపోయింది. అటువంటి పతనంలో కుటుంబపు మదుపులో ఎంత భాగం కరిగిందన్నది, దానికి ముందు ఈక్విటీ వాటా ఎంతుందన్నదాని మీదే ఆధారపడింది.

ఒక లెక్క తీసుకుందాం. 20 లక్షల రూపాయలతో, అంటే ఈక్విటీ ఫండ్లలో 12 లక్షలు, పీపీఎఫ్, ఫిక్స్‌డ్ డిపాజిట్లలో 8 లక్షలుగా మొదలైన మదుపులో కొన్నేళ్లకు ఈక్విటీ రెట్టింపై 24 లక్షలైంది, స్థిరాదాయం 11 లక్షలైంది. మొత్తం 35 లక్షల్లో ఈక్విటీ వాటా ఇప్పుడు 68.6 శాతం. దాన్ని మళ్లీ 60 శాతానికి, అంటే 21 లక్షలకు తేవాలంటే 3 లక్షలు అటునుంచి ఇటు మారాలి. మార్కెట్ మళ్లీ 38 శాతం పడిందనుకుంటే 24 లక్షల మీద నష్టం 9.12 లక్షలు, 21 లక్షల మీద నష్టం 7.98 లక్షలు. తేడా లక్షా 14 వేలు. ఈ తేడా చిన్నదేమీ కాదు గాని, కొంప మునిగేది కూడా కాదు. అందుకే ఒకటి రెండు శాతం అటూ ఇటూ అయినప్పుడల్లా హడావుడి పడనవసరం లేదని నా అభిప్రాయం. వాటా 80 శాతానికి చేరేదాకా పట్టించుకోకపోతే మాత్రం అదే పతనంలో నష్టం 10.64 లక్షలకు చేరుతుంది.

ఇక మొదటి దారి, అమ్మి సర్దడం. దీన్ని ఎక్కువమంది పన్ను భయంతోనే తోసిపుచ్చుతారు కాబట్టి ఆ పన్ను ఎంతో చూడాలి. 2024 జులై 23 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, ఏడాదికి మించి ఉంచుకున్న ఈక్విటీ ఫండ్ యూనిట్లను అమ్మితే వచ్చే దీర్ఘకాలిక మూలధన లాభంలో ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల వరకు పన్ను లేదు; ఆ పైన 12.5 శాతం. ఏడాదిలోపే అమ్మితే లాభం మీద 20 శాతం. మన లెక్కలో యూనిట్ల విలువ రెట్టింపైంది కనుక 3 లక్షలకు అమ్మితే లాభం లక్షన్నర. పన్ను పడేది అందులో 25 వేల మీద. సెస్సుతో కలిపి కట్టవలసింది 3,250 రూపాయలు. ఆ సంవత్సరంలో మరే ఈక్విటీ లాభమూ లేదనుకున్నప్పటి మాట ఇది. సిప్ ద్వారా, అంటే నెలనెలా వాయిదాల్లో కొన్నవారి విషయంలో ముందు కొన్న యూనిట్లే ముందు అమ్మినట్లు లెక్కిస్తారు కాబట్టి, నిన్న మొన్న కొన్నవాటికి 20 శాతం పన్ను పడుతుందేమోనన్న బెంగ చాలావరకు అక్కర్లేదు.

ఆ 3,250 కూడా కట్టనవసరం లేని మార్గం ఉంది. మార్చిలో లక్షన్నర, ఏప్రిల్‌లో లక్షన్నర అమ్మితే ఒక్కో ఆర్థిక సంవత్సరంలో లాభం 75 వేలే అవుతుంది, పన్ను సున్నా. పీపీఎఫ్‌లో ఏడాదికి జమ చేయగల గరిష్ఠ మొత్తం కూడా లక్షన్నరే కాబట్టి, ఆ ఏడాది ఇంకా జమ చేయనివారికి మార్చి సొమ్ము ఆ సంవత్సరపు పరిమితిలోకి, ఏప్రిల్ సొమ్ము కొత్త సంవత్సరపు పరిమితిలోకి చక్కగా సరిపోతాయి. పీపీఎఫ్ వడ్డీని ప్రతి నెలా 5వ తేదీ తర్వాత ఖాతాలో ఉన్న కనీస నిల్వ మీద లెక్కిస్తారు. ఫండ్ అమ్మిన సొమ్ము బ్యాంకుకు చేరడానికి రెండు మూడు పనిదినాలు పడుతుంది కనుక ఏప్రిల్‌లో 5వ తేదీ దాటిపోవచ్చు. దాటినా పోయేది ఆ ఒక్క నెల వడ్డీ మాత్రమే.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. అదే ఫండ్ సంస్థలో ఒక పథకం నుంచి మరో పథకానికి స్విచ్ చేయడం అమ్మకం కాదనుకోవడం మొదటిది. పన్ను దృష్టిలో అది అమ్మకమే. ఏజెంటు కమీషను కలిసి ఉండే రెగ్యులర్ ప్లాన్ నుంచి, అది లేని డైరెక్ట్ ప్లాన్‌కు మారినా అంతే. రెండోది, కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదు కదా అని ధైర్యపడటం. ఆ రిబేటు ఈ మూలధన లాభం మీది పన్నుకు వర్తించదు. భార్యాభర్తలు ఇద్దరూ ఎవరి సంపాదనతో వారు మదుపు చేస్తే ఇద్దరికీ విడివిడిగా 1.25 లక్షల మినహాయింపు ఉంటుంది. భర్త తన డబ్బు భార్యకు బహుమతిగా ఇచ్చి ఆమె పేర కొంటే, ఆ లాభం భర్త ఆదాయంలోనే కలుస్తుంది.

రెండో దారి, కొత్త పొదుపుతో సర్దడం, వినడానికి అన్నిటికంటే హాయిగా ఉంటుంది: పన్ను లేదు, అమ్మకం లేదు, ముందే అమ్మితే ఫండ్ కోసుకునే ఎగ్జిట్ లోడ్ లేదు. కానీ అంకెలు వేసి చూస్తే దాని పరిమితి తెలుస్తుంది. 24 లక్షల ఈక్విటీ మొత్తంలో 60 శాతం కావాలంటే మొత్తం 40 లక్షలు, అందులో స్థిరాదాయం 16 లక్షలు కావాలి. ఉన్నది 11 లక్షలే గనుక ఇంకా 5 లక్షలు జమ చేయాలి. అమ్మకంలో 3 లక్షలతో తీరే పనికి ఇక్కడ 5 లక్షలు అవసరమవుతున్నాయన్నమాట. నెలకు 25 వేలు దాచే కుటుంబానికి, మార్కెట్ కదలకుండా నిలబడిందనుకున్నా, 20 నెలలు పడుతుంది. మదుపు కోటి రూపాయలై నిష్పత్తి ఇదే అయితే 14.3 లక్షలు కావాలి; అదే 25 వేల పొదుపుతో దాదాపు ఐదేళ్లు.

కాబట్టి ఈ దారి వయసుతో, మదుపు పరిమాణంతో ముడిపడినది. ఉద్యోగంలో చేరి నాలుగైదేళ్లయినవారికి, ఏడాది పొదుపు మొత్తం మదుపులో పెద్ద భాగంగా ఉంటుంది. వారికి ఇదే ఉత్తమం, అమ్మవలసిన అగత్యమే రాదు. వాటాను సరిచేయడానికి ఏడాది పొదుపు చాలని స్థితికి మదుపు పెరిగాక, దీన్నే నమ్ముకోవడం సర్దుబాటును వాయిదా వేయడమే అవుతుంది. పదవీ విరమణ చేసినవారికి కొత్త పొదుపు ఉండదు గనుక ఈ దారి అలాగే వర్తించదు. కాని వారు ఖర్చులకు తీసే డబ్బును ఏ వాటా ఎక్కువైందో అందులోంచి తీయడం ద్వారా ఇదే ఫలితం పొందవచ్చు.

మూడో దారి మీద అభిప్రాయాలు తీవ్రంగా చీలి ఉన్నాయి. తీర్పు చెప్పడం కూడా ఇక్కడే కష్టం. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2017లో చేసిన వర్గీకరణ ప్రకారం అగ్రెసివ్ హైబ్రిడ్ ఫండ్ ఈక్విటీలో 65 నుంచి 80 శాతం ఉంచాలి. ఫండ్ లోపల జరిగే అమ్మకాలకు మదుపరి పన్ను కట్టనక్కర్లేదు. మార్కెట్ కుప్పకూలిన రోజున కూడా మేనేజరు భయపడకుండా కొనడం తన పనిగా చేస్తాడు. ఈ రెండూ నిజమైన లాభాలే. హైబ్రిడ్లలోనే మరో రకమైన బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్ ఫండ్లలో మాత్రం ఈక్విటీ ఎంతుండాలన్నది ఆ సంస్థ సూత్రం నిర్ణయిస్తుంది, సంస్థ సంస్థకూ అది వేరు. మన 60 శాతాన్ని కాపాడమని దాన్ని అడగలేం.

ఖర్చు చూద్దాం. 35 లక్షలూ ఏటా 1 శాతం నిర్వహణ ఖర్చు ఉన్న హైబ్రిడ్ ఫండ్‌లో పెడితే సంవత్సరానికి 35 వేలు ఖర్చు. రెగ్యులర్ ప్లాన్‌లో ఇంకా ఎక్కువే ఉంటుంది. అదే 21 లక్షలు 0.2 శాతం ఖర్చున్న ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ వంటి సూచీని యథాతథంగా అనుసరించే ఫండ్), 14 లక్షలు పీపీఎఫ్, డిపాజిట్లలో ఉంటే ఖర్చు 4,200. తేడా ఏటా 30,800. ఎప్పుడో ఒకసారి పడే 3,250 పన్నును తప్పించుకోవడానికి ఇంత చెల్లించడం అర్థరహితంగా కనిపిస్తుంది. అయితే లెక్క ఇక్కడితో ఆపితే అన్యాయమవుతుంది. ఆ 14 లక్షలూ 7 శాతం వడ్డీనిచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్లలోనే ఉండి, యజమాని 30 శాతం శ్లాబులో ఉంటే, 98 వేల వడ్డీ మీద ఏటా 30,576 రూపాయలు పన్నుగా పోతుంది. హైబ్రిడ్ ఫండ్‌లో స్థిరాదాయ భాగానికి కూడా ఈక్విటీ పన్నే, అదీ అమ్మినప్పుడే. అంటే ఖర్చులో పోయినది పన్నులో దాదాపుగా తిరిగి వస్తోంది.

అందుచేత నిర్ణయం, మీ స్థిరాదాయం ఎక్కడుందన్నదాన్ని బట్టే జరగాలి. వడ్డీ మీద పన్ను లేని పీపీఎఫ్, ఈపీఎఫ్‌లలో అది ఎక్కువగా ఉంటే హైబ్రిడ్ ఫండ్ అనవసరపు ఖర్చు. ఈపీఎఫ్‌లో ఉద్యోగి వాటా ఏడాదికి 2.5 లక్షలు దాటితే, ఆ పై మొత్తం మీది వడ్డీకి పన్ను ఉంటుందని గుర్తుంచుకోవాలి. పెద్ద శ్లాబులో ఉండి డిపాజిట్లే దిక్కైనవారికి, లేదా లెక్కలు చూసే మనిషి లేకపోతే ఇంట్లో మరెవరూ వీటి జోలికి వెళ్లని పరిస్థితి ఉన్నవారికి, హైబ్రిడ్ ఫండ్ గౌరవనీయమైన ఎంపికే. ఈ రెండో కారణాన్ని నేను చాలా బరువైనదిగా భావిస్తాను. ఉత్తమమైన పద్ధతి ఎవరూ అమలు చేయకపోతే అది ఆ ఇంటికి ఉత్తమం కాదు.

మిగిలినవారికి నా సిఫారసు మొదటి రెండు దారుల కలయిక. కొత్త పొదుపు ఎప్పుడూ తగ్గిన వాటాలోకి వెళ్లాలి. ఏటా మార్చిలో ఒకసారి చూసి, అప్పటికీ ఈక్విటీ అనుకున్నదానికంటే 5 శాతం పాయింట్లు పైన ఉంటే, 1.25 లక్షల లాభం మించకుండా అమ్మాలి. నెలనెలా చూడటం వల్ల అదనంగా దక్కేది ఆందోళనే.

పడిపోయినప్పటి సంగతికి ముందే సిద్ధపడాలి. ఈక్విటీ వాటా 50కి జారినప్పుడు దాన్ని పెంచడానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? పీపీఎఫ్ గడువు 15 ఏళ్లు, పాక్షికంగా తీసుకోవడం ఏడో సంవత్సరం నుంచే సాధ్యం; ఈపీఎఫ్ సొమ్మును ఇందుకోసం ముట్టుకోవడం సరికాదు. కాబట్టి స్థిరాదాయమంతా వాటిలోనే బిగించకుండా కొంత డిపాజిట్లలోనో, స్వల్పకాలిక రుణ పత్రాల్లో పెట్టే లిక్విడ్ ఫండ్‌లోనో కదిలేలా ఉంచుకోవాలి. 2020 పతనంలో కొన్నవారికి ఫలితం త్వరగా కనిపించింది, నవంబరుకల్లా నిఫ్టీ పాత శిఖరాన్ని దాటింది. 2008 జనవరిలో 21,000కు చేరిన సెన్సెక్స్ మాత్రం ఆ స్థాయిని మళ్లీ అందుకోవడానికి 2010 నవంబరు దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఓపిక లేని డబ్బును పతనంలో ఈక్విటీలోకి తరలించకూడదు.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి లెక్క కొంత మారుతుంది. ఎన్‌ఆర్‌ఐలు అమ్మినప్పుడు ఫండ్ సంస్థ లాభం మీద టీడీఎస్ కోసి మిగిలినది ఇస్తుంది, అదనంగా పోయినదాన్ని రిటర్న్ వేసి తెచ్చుకోవాలి. కొత్త పీపీఎఫ్ ఖాతా తెరవడానికి వారికి వీలు లేదు. అమెరికాలో పన్ను కట్టేవారికి విదేశీ ఫండ్ల మీద అక్కడ ఉన్న పీఎఫ్‌ఐసీ అనే పన్ను నిబంధనలు భారతీయ ఫండ్లను బాగా ఖరీదైనవిగా మారుస్తాయి కాబట్టి, పైన చెప్పిన ఏ దారి అయినా అక్కడి పన్ను నిపుణుడిని అడిగాకే తొక్కాలి.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు మరో విషయం. కంపెనీ ఇచ్చిన షేర్లు మదుపులో సగమైనా కదిలించనివారు చాలామంది ఉన్నారు. 2009 జనవరి 7న, లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన లేఖ బయటపడిన ఒక్క రోజులో సత్యం షేరు తన విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా పోగొట్టుకుంది. అది అప్పటికి సెన్సెక్స్‌లోనూ నిఫ్టీలోనూ ఉన్న కంపెనీ. జీతమూ షేర్లూ ఒకే చోట ఉన్న ఉద్యోగులకు రెండూ ఒకేసారి ప్రమాదంలో పడ్డాయి. కంపెనీ ఉద్యోగికి జీతంలో భాగంగా ఇచ్చే షేర్లు (ఆర్‌ఎస్‌యూలు) చేతికొచ్చిన రోజున వాటి మార్కెట్ విలువ మొత్తాన్ని జీతంగా లెక్కించి పన్ను వేస్తారు, ఆ విలువే కొనుగోలు ధర అవుతుంది. అందువల్ల వచ్చినవి వచ్చినట్లే అమ్మితే మూలధన లాభం దాదాపుగా ఉండదు. ఆ డబ్బును తక్కువగా ఉన్న వాటాలోకి మళ్లించడంలో పన్ను అడ్డంకే లేదు. విదేశీ కంపెనీ షేర్లను ఉంచుకోదలచినవారు వాటిని ఏటా రిటర్న్‌లో విదేశీ ఆస్తుల కోసం ఉన్న షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపించాలి, దీర్ఘకాలిక లాభంగా లెక్కకు రావడానికి వాటికి 24 నెలలు దాటాలి.