యకీన్ ఇన్‌స్టిట్యూట్: నన్ను పట్టి ఉంచినవి ఫుట్‌నోట్లు

ఇస్లాం మీద వ్యాసాలూ వీడియోలూ తెచ్చే అమెరికా సంస్థ యకీన్ ఇన్‌స్టిట్యూట్. దాని వ్యాసం ఏది తెరిచినా నా వేలు ముందు అట్టడుగుకు పోతుంది. ఫుట్‌నోట్లు ఉండేది అక్కడే. ఏ హదీసు (ప్రవక్త మాటగా, చేతగా చెప్పుకొచ్చిన ఉల్లేఖనం) ఏ గ్రంథంలోది, ఎన్నో నంబరు, ఏ ఇమాము మాట ఏ సంపుటంలో ఎన్నో పేజీలో ఉంది, అన్నీ చూసుకున్నాకే పైకొచ్చి వ్యాసం మొదలుపెడతాను. 2020లో లాక్‌డౌన్ రంజాన్ నుంచి ఇదే అలవాటు. ఆ నెల మసీదులు మూసి ఉన్నాయి. రోజుకో పారా (ఖుర్ఆన్ ముప్పై భాగాల్లో ఒకటి) చొప్పున ముప్పై రోజులూ వాళ్లు ఖుర్ఆన్ మీద మాట్లాడుకున్న కార్యక్రమం సహరీ (తెల్లవారకముందు తినే ఉపవాస భోజనం) వంట చేస్తూ వినేదాన్ని. అలా పరిచయం. వీడియోల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పాలనుకున్నది ఆ చిన్న అక్షరాల గురించి.

మా ఇంటి సంగతి చెప్పకపోతే నాకిది ఎందుకింత పెద్ద విషయమో తెలియదు. మేం నూర్‌బాషీయులం, పల్నాడు వైపు. ఇంట్లో తెలుగే. మా నాయనమ్మకు నమాజులో చదివే సూరాలన్నీ కంఠతా వచ్చు, అర్థం మాత్రం తెలియదు. జుమా రోజు మౌలానా గారు ఉర్దూలో చేసే బయాన్‌లో (ప్రసంగంలో) నాన్నకు సగం అందేది. అందినంతవరకూ ఇంటికొచ్చి అన్నం తింటూ మాకు తెలుగులో చెప్పేవారు. తెలుగులో ఖుర్ఆన్ అనువాదాలున్నాయి, గీటురాయి పత్రిక ఉంది, వాటికి నేను రుణపడి ఉన్నాను. కానీ ఒక మాట విన్నాక అది ఎక్కడుందో వెతుక్కునే దారి మాకు లేదు. మూలం అరబీలో ఉంది, వివరం ఉర్దూలో ఉంది. మాకు మిగిలింది చెప్పిన మనిషి మీద గౌరవం ఒక్కటే.

నాన్న తరచూ చెప్పే హదీసు ఒకటుంది: ‘చైనాకు వెళ్లయినా సరే విద్య నేర్చుకోండి.’ పది పాసయ్యాక నన్ను మానిపించమని చుట్టాలంతా కూర్చుని చెప్పిన రోజు నాన్న ఈ మాటే అన్నారు. ‘ప్రవక్త (స) చైనా దాకా పొమ్మన్నారు, నేను గుంటూరు పంపలేనా?’ అని. నేను హాస్టల్లో చేరింది ఆ మాట మీదే. టీచరునయ్యాక, ఆదివారం ఆడవాళ్ల ఇజ్తిమాలో (ధార్మిక సమావేశంలో) ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒక ఆదివారం డిగ్రీ చదివే అమ్మాయి, పొగరుతో కాదు, నోట్సు రాసుకుంటూ అడిగింది: ‘ఆపా (అక్కా), ఇది ఏ కితాబులో ఉంది?’

నేను చెప్పలేకపోయాను. అప్పటికి రెండేళ్లుగా యకీన్ వ్యాసాల కింద ప్రతి మాటకీ చిరునామా చూస్తున్నదాన్ని. నా సొంత మాటకు చిరునామా ఉందో లేదో ఒక్కసారీ చూసుకోలేదు.

ఆ రాత్రి వెతకడం మొదలుపెట్టాను. ఆ మాట హదీసు పండితుడు బైహఖీ ఇమాము గారి షుఅబుల్ ఈమాన్ అనే గ్రంథంలో ఉంది. కానీ ఆయనే అక్కడ రాశారు, మాట ప్రసిద్ధమైనదే గాని సనద్ బలహీనమని. అంటే ఎవరి నుంచి ఎవరు విన్నారన్న పరంపర నిలబడదు. బాగ్దాదు పండితుడు ఇబ్నుల్ జౌజీ అయితే దాన్ని కల్పిత హదీసుల గ్రంథంలోకే చేర్చారు. ఫోను పక్కన పెట్టేశాను. నాన్న పోయి అప్పటికి మూడేళ్లు. నా చదువంతా ఏ మాట మీద నిలబడిందనుకున్నానో దాని కింద నేల లేదని తెలిస్తే ఎలా ఉంటుందో, అలా ఉంది.

రెండు రోజుల తర్వాత మళ్లీ చదివితే ఒక సంగతి కళ్లబడింది. ఆ ఉల్లేఖనంలో రెండో సగం ఉంది: ‘ఎందుకంటే విద్యార్జన ప్రతి ముస్లింపై విధి.’ ఈ రెండో సగం విడిగా ఇబ్ను మాజా హదీసు గ్రంథంలో, 224వ నంబరుగా, ప్రవక్త సహచరుడు అనస్ (రజి) ఉల్లేఖనంగా ఉంది. దాని ఒక్కో సనద్‌లోనూ బలహీనత ఉన్నా, అనేక మార్గాల్లో వచ్చింది కాబట్టి బలపడిందని మిజ్జీ, సుయూతీ వంటి పాతకాలపు పండితులు తేల్చారు. చైనా పోయింది, విధి మిగిలింది. నన్ను హాస్టలుకు పంపడానికి నాన్నకు కావలసిన మాట నిజానికి ఆ రెండోదే. ఆ అర్ధరాత్రి ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

తర్వాతి ఆదివారం ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక పెద్దావిడకు కష్టం కలిగింది, ‘మీ నాన్న చెప్పిన మాటే కదమ్మా’ అన్నారు. ‘ఆయనకు అందిన మాట చెప్పారు పెద్దమ్మా, నాకు ఇంకొంచెం అందింది’ అన్నాను.

ఈ వెతుకులాటలోనే ఇంకొకటి దొరికింది. ఫుట్‌నోట్లలో కనిపించే బైహఖీ గారి పెద్ద గ్రంథం సునన్ అల్ కుబ్రా పాత ముద్రణ స్కాన్ కాపీ ఒకటి తెరిచాను. మొదటి పేజీలో అరబీ లిపిని కూడబలుక్కుని చదివితే ‘హైదరాబాద్ దక్కన్’ అని ఉంది! 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ వేసిన పుస్తకం. పది సంపుటాలు, 1925 నుంచి 1936 దాకా అచ్చయ్యాయి. ఆ సంస్థ ఇప్పటికీ ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలోనే ఉంది. ఆ రోడ్డు మీద సిటీ బస్సులో ఎన్నిసార్లు పోయానో. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో కూర్చుని ఎవరో రాసిన వ్యాసం కింద నోటు పట్టుకుని పోతే మన హైదరాబాద్ తేలింది. ప్రపంచమంతా చదివే హదీసు గ్రంథం మనకు అంత దగ్గర అచ్చయిందని మాకు ఏ బడిలోనూ చెప్పలేదు.

మొదట్లో తెలిసినవాళ్లందరికీ లింకులు పంపి, ‘మీకు ఏ సందేహం ఉన్నా ఇందులో జవాబుంటుంది’ అనేదాన్ని. ఇప్పుడు అలా అనను. ఒమర్ సులేమాన్ గారు 2016లో దీన్ని మొదలుపెట్టిన చోటు అమెరికా. అక్కడి కాలేజీ పిల్లల మనసులో లేచే ప్రశ్నలే వ్యాసాల్లో ఎక్కువగా ఉంటాయి: సైన్సూ విశ్వాసమూ, సంశయవాదం, ముస్లింల మీద ద్వేషం. మా ఇజ్తిమాలో ఆడవాళ్లు అడిగేది కట్నం గురించి, డ్వాక్రా అప్పు మీద వడ్డీ గురించి, మహర్ (పెళ్లిలో వరుడు వధువుకు ఇవ్వాల్సిన సొమ్ము) గురించి, పుట్టింటి ఆస్తిలో వాటా గురించి. వాటికి నేను ఇక్కడి ఆలిమ్ (ధార్మిక పండితుడు) గారి దగ్గరికే వెళ్తాను. వ్యాసాల్లోని అభిప్రాయాలు రాసినవారివేనని సంస్థే చెప్పుకుంటుంది. నేను మొదట్లో ఆ వాక్యం చదవకుండా దాటేసేదాన్ని.

ఫుట్‌నోట్ల మీద నా నమ్మకం కూడా కొంచెం మారింది. హదీసు కింద ‘సహీహ్’ (ప్రామాణికం) అని ఉంటే అంతటితో అయిపోయిందనుకునేదాన్ని. అది ఎవరి తీర్పో చూడాలని తర్వాత తెలిసింది. ఈ కాలపు హదీసు పండితుల్లో అల్బానీ ఒకటి అన్నచోట షుఐబ్ అర్నావూత్ వేరుగా అన్న హదీసులున్నాయి. సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో నంబర్లు ఒక ముద్రణలో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంటాయి. ఆ సంగతి తెలియక ఒక సాయంత్రమంతా లేని హదీసు కోసం వెతికాను.

నేను చదివేది ఇంగ్లీషులో. పిల్లలు పడుకున్నాక చదివితే ఒక పెద్ద వ్యాసానికి మూడు రాత్రులు పడుతుంది. నలుగురి ముందు నిలబడి మాట్లాడాల్సిన బాధ్యత నాకుంది కాబట్టి ఆ మూడు రాత్రులూ నాకు దండగ కాదు. ఇంట్లో ఆలిమ్ ఉన్నవాళ్లకు, ఉర్దూ కితాబులు చదవగలిగినవాళ్లకు ఇంత శ్రమ అవసరం పడకపోవచ్చు. మా తమ్ముడి కొడుకు బీటెక్ చదువుతున్నాడు, వాడికి ఆ రంజాన్ వీడియోలే నచ్చాయి, వ్యాసాల జోలికి రాలేదు. అమ్మకు మాత్రం నేను చదివింది తెలుగులో నోటుపుస్తకంలోకి ఎక్కించి వినిపిస్తాను. పేజీ కింద గీత కొట్టి, కితాబు పేరు, నంబరు రాస్తాను. అమ్మకు వాటితో పనిలేదు. అయినా అవి కూడా చదివి వినిపించమంటుంది.