దావోస్ ఐస్ హాకీ స్టేడియం: లాకౌట్ ఏడాది చూసిన మ్యాచ్

2012 శరదృతువులో జ్యూరిక్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు, లాండ్‌క్వార్ట్‌లో రైలు మారి దావోస్ వెళ్ళి అప్పట్లో వైలాంట్ అరీనా అని పిలిచే అక్కడి స్టేడియంలో మ్యాచ్ చూశాను. ఐస్ హాకీ అంటే ఏమిటో అప్పటికి నాకు సరిగ్గా తెలియదు.

అమెరికా, కెనడాలలో ఆడే ఎన్‌హెచ్‌ఎల్ ఐస్ హాకీ లీగ్‌లో ఆదాయం పంపకం మీద జట్ల యజమానులకీ ఆటగాళ్ళకీ గొడవ వచ్చి, సెప్టెంబర్‌లో యజమానులు లాకౌట్ ప్రకటించి ఆటలు ఆపేశారు. దాంతో జో థార్న్‌టన్, రిక్ నాష్ లాంటి పెద్ద స్టార్లు వచ్చి ఈ కొండ ఊరి జట్టుకి ఆడారు. వీళ్ళిద్దరూ 2004-05లో ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ మొత్తం రద్దయినప్పుడు కూడా ఇక్కడే ఆడి స్విస్ లీగ్ గెలిపించారట, అందుకే జనం సొంత మనుషుల్లా చూసుకున్నారు.

ఇక స్టేడియం సంగతి. చెక్క పైకప్పు చూస్తూ ఉండిపోవచ్చు, అంత అందం. అప్పట్లో సుమారు 7,000 మందే పట్టేవారు, హాలు చిన్నది కాబట్టి ఆట చాలా దగ్గరగా కనిపిస్తుంది, స్కేట్లు మంచును కోసే చప్పుడు కూడా వినిపిస్తుంది. లోపల చలి మాత్రం మామూలుగా ఉండదు, స్వెటర్ సరిపోదు, మందపాటి జాకెట్ తప్పనిసరి. నిలబడి చూసే వైపు టికెట్ తీసుకోండి, పాటలూ డప్పులూ అన్నీ అక్కడే. ఆఖరి రైలు టైమ్ ముందే చూసుకోకపోతే టెన్షన్ తప్పదు.

జనవరిలో ఒప్పందం కుదరగానే స్టార్లు వెళ్ళిపోయారు, ఆ సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్కో జట్టుకి 48 మ్యాచ్‌లే మిగిలాయి. నేను ఆ తర్వాత కూడా రెండుసార్లు దావోస్ వెళ్ళాను, స్టార్లు లేకపోయినా హాలు నిండే ఉంది. 5కి 5 ఇస్తున్నాను.