చేతితో తిప్పే ఫోకసింగ్ రైల్: రెండు వానాకాలాల వాడకం తర్వాత

విశాఖ పక్కనున్న కంబాలకొండ అభయారణ్యంలో తొలి వానలు పడిన కొద్ది రోజులకు కుళ్ళిన దుంగల మీద లేచే పుట్టగొడుగుల్లో చాలావాటి గొడుగు చిటికెన వేలి గోరు కన్నా పెద్దది కాదు. అటువంటి దాన్ని, చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సుతో నిజ పరిమాణంలో, అంటే సెన్సరు మీద బొమ్మ వస్తువంతే పడేలా ఒకటికి ఒకటి నిష్పత్తిలో తీయబోతే, గొడుగు ముందంచు స్పష్టంగా వచ్చినప్పుడు కాడ మసకబారుతుంది, కాడ మీద ఫోకస్ పెడితే గొడుగు అడుగున ఉన్న సన్నని మడతలు అలుక్కుపోతాయి. నా దగ్గరున్నది ఏపీఎస్-సీ అనే మధ్యరకం పరిమాణపు సెన్సరు గల పాత కెమెరా, 90 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు. ఈ జోడీతో ఎపర్చరు, అంటే లెన్సులో కాంతి వచ్చే రంధ్రం, ఎఫ్/5.6 దగ్గర ఉన్నప్పుడు (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) స్పష్టంగా కనిపించే లోతు దాదాపు అర మిల్లీమీటరు మాత్రమే. ఎపర్చరును ఎఫ్/22కు మూసి లోతు పెంచుకోవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది గాని, నిజ పరిమాణం దగ్గర లెన్సు ముందుకు సాగడం వల్ల ఎఫ్/22 అన్నది ఆచరణలో ఎఫ్/44తో సమానమై, కాంతి వివర్తనం చెంది, అంటే చిన్న రంధ్రం గుండా వస్తూ చెదిరి, ఫోటో మొత్తం మెత్తబడుతుంది. అందుచేత ఎఫ్/5.6 దగ్గరే ఉండి, ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ అనేక ఫోటోలు తీసి, వాటిలోని స్పష్టమైన భాగాలను కంప్యూటరులో ఒకే ఫోటోగా కలపడం మేలు. ఫోకస్ స్టాకింగ్ అంటే ఇదే.

ఆ జరపడం కోసం రెండేళ్ళ క్రితం విశాఖ డాబాగార్డెన్స్‌లోని ఒక దుకాణంలో మూడు వేల రూపాయల లోపు ధరకు ఈ రైల్ కొన్నాను. దాని మీద తయారీదారు పేరంటూ ఏమీ లేదు. అల్యూమినియంతో చేసినది, ముందుకూ వెనక్కూ జరిగే పట్టీ ఒకటి, పక్కలకు జరిగే పట్టీ ఒకటి, రెండింటి మీదా మిల్లీమీటర్ల గీతలు, ఒక్కో పట్టీకి ఒక తిప్పుడు మర, ఒక బిగింపు మర ఉన్నాయి. ట్రైపాడ్ మీద రైల్‌ను, రైల్ మీద కెమెరాను బిగించి మరను తిప్పితే కెమెరా మొత్తంగా జరుగుతుంది. నా రైల్‌లో మర ఒక చుట్టు తిరిగితే కెమెరా ఒక మిల్లీమీటరు కదులుతుంది. పావు చుట్టుకు ఒక ఫోటో చొప్పున తీస్తే పక్కపక్క ఫోటోల స్పష్టమైన భాగాలు ఒకదాని మీదికి ఒకటి తగినంతగా వస్తాయి, కనుక ఎనిమిది మిల్లీమీటర్ల లోతున్న పుట్టగొడుగుకు ముప్పై పైచిలుకు ఫోటోలు చాలు. ఈ పనిని ఈ రైల్ నిజంగా బాగా చేస్తుంది. మొదటి వానాకాలంలోనే, ఒక దుంగ మీది తెల్లని పుట్టగొడుగుల గుంపు గొడుగు పై నీటి బొట్టు నుంచి కాడ మొదట్లోని నాచు దాకా ఒకే ఫోటోలో తేటగా రావడం చూసి, పెట్టిన డబ్బుకు తగిన ఫలితం వచ్చిందని మనస్ఫూర్తిగా అనుకున్నాను.

అయితే మర తిప్పేటప్పుడు ఒక నియమం తప్పనిసరి: ఎప్పుడూ ఒకే దిశలో తిప్పాలి. మరకూ పళ్ళకూ మధ్య, మన మెకానిక్కుల మాటలో చెప్పాలంటే, కొంత ప్లే ఉంటుంది. ముందుకు తిప్పుతున్న మరను వెనక్కి తిప్పితే మొదటి కొద్ది భాగం ఊరికే తిరుగుతుంది, కెమెరా కదలదు, అప్పుడు రెండు ఫోటోలు ఒకే చోట పడి అడుగులు సమానంగా పడవు. అడుగు పెద్దదైన చోట పూర్తయిన ఫోటోలో మసక పట్టీ ఒకటి అడ్డంగా మిగిలిపోతుంది, దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. అందుకని నేను వస్తువులో నాకు అన్నిటికన్నా దగ్గరున్న అంచు కన్నా ఒక మిల్లీమీటరు ఇవతలే మొదలుపెట్టి, అవతలి అంచు దాటేదాకా ఆగకుండా వెళ్తాను. షట్టరును వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమరు మీద వదులుతాను. మేఘం అడ్డొచ్చి వెలుగు మారినప్పుడు కెమెరా తనంతట తాను సర్దుకుంటే స్టాకు, అంటే కలపబోయే ఫోటోల వరుస, పాడవుతుంది కాబట్టి వెలుగు మోతాదు అయిన ఎక్స్‌పోజరునూ, రంగుల సమతూకం అయిన వైట్ బ్యాలెన్స్‌నూ ముందే స్థిరపరుస్తాను. ఇవన్నీ సరిగా చేసినా గాలి ఒప్పుకోవాలి. విశాఖలో ఉదయం ఎండ ఎక్కి గాలి సముద్రం మీద నుంచి తిరిగిన తర్వాత గడ్డి పరక మీద స్టాకు తీయడం వృథా ప్రయాస. తెల్లవారినప్పటి నుంచి ఎనిమిది గంటల దాకా దొరికే సమయమే నాకు పని సమయం, అందులోనూ కొండల నడుమ ఉన్న కంబాలకొండ నాకు తీరం కన్నా ఎంతో నయంగా అనిపించింది.

ఈ రైల్ చేయలేని పని ఏమిటో నాకు భీమునిపట్నం దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర తెలిసింది. ఆరుద్ర కార్తె వానల తర్వాత అక్కడి జీడితోటల అంచున, మఖ్‌మల్ గుడ్డ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు నేల మీదికి వచ్చాయి. మనం పురుగు అంటాం గాని దానికి ఎనిమిది కాళ్ళు, సాలీళ్ళ, తేళ్ళ వర్గానికి చెందిన జీవి అది. ఆ వెంట్రుకల ఎరుపును ఒక్కొక్క పోగుగా చూపించాలన్నది నాకు ఎన్నాళ్ళ నుంచో ఉన్న కోరిక. నేల మీద బోర్లా పడుకుని, ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా పరచి, రైల్ బిగించి, పది ఫోటోలు తీసేసరికి అది చట్రం దాటి వెళ్ళిపోయేది. అటుగా మేకలు తోలుకొచ్చిన పెద్దాయన కాసేపు చూసి, “ఆరుద్ర పురుగు ఆగదు బాబూ, దానికేటి పనుందో దానిది” అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజమైంది. దాని నడక నెమ్మదే, కాని మరను పావు చుట్టు తిప్పి రెండు సెకన్లు ఆగే పద్ధతికి ఆ నెమ్మది కూడా ఎక్కువే. కలిపిన ఫోటోలో పదహారు కాళ్ళు కనిపించాయి. పురుగులను ఫ్రిజ్‌లో పెట్టి మందగింపజేసి తీసేవాళ్ళు ఉన్నారని విన్నాను. అది నేను చేయను, ఎవరూ చేయకూడదని గట్టిగా నమ్ముతాను. కదిలే ప్రాణికి రైల్‌ను పక్కన పెట్టి, నిష్పత్తిని సగానికి తగ్గించి, ఎఫ్/11 దగ్గర ఫ్లాష్‌తో ఒక్క ఫోటో తీయడమే మర్యాద. నా అనుభవంలో పురుగుల్లో రైల్‌కు లొంగినవి తెల్లవారుజామున మంచు బొట్లతో గడ్డిని పట్టుకుని నిద్రపోయే తూనీగలు మాత్రమే.

అదే రోజు రెండో లోపమూ బయటపడింది. ఎర్రమట్టి దిబ్బల సన్నని ఇసుక పట్టీ కింద పళ్ళలోకి దిగి, మర కరకరమంటూ ఆగి ఆగి తిరగసాగింది. విప్పి, పాత టూత్‌బ్రష్‌తో తుడిచి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తే గాని దారికి రాలేదు. నూనె ఎక్కువైతే మళ్ళీ ఇసుకే పట్టుకుంటుంది. మూత లేని పళ్ళ పట్టీ మన తీరానికి తగినది కాదు, కాబట్టి ఇప్పుడు అక్కడికి వెళ్ళినప్పుడు రైల్‌ను వాడే క్షణం దాకా గుడ్డ సంచిలోనే ఉంచుతాను.

కొనాలా వద్దా అన్నది మీ కెమెరా మీద, మీరు తీసే పరిమాణం మీద ఆధారపడుతుంది. నికాన్ సంస్థ 2017లో తెచ్చిన డీ850లో ఫోకస్‌ను తనంతట తానే జరుపుతూ 300 ఫోటోల దాకా తీసే సౌకర్యం ఉంది, కెనాన్ ఈఓఎస్ ఆర్‌పీ వంటి తర్వాతి కెమెరాల్లోనూ ఆ సౌకర్యం వచ్చింది, కొన్ని ఒలింపస్ కెమెరాలైతే ఫోటోలను లోపలే కలిపి కూడా ఇస్తాయి. అటువంటి కెమెరా ఉన్నవారు నిజ పరిమాణం వరకు ఈ రైల్ జోలికి పోనక్కరలేదు. రైల్ మీద కెమెరా స్థానమే మారుతుంది కనుక ముందున్న గడ్డి పోచ వెనకనున్న కాడను ఒక్కో ఫోటోలో ఒక్కో చోట కప్పి, కలిపినప్పుడు అంచుల వెంబడి మసక వలయం ఏర్పడుతుంది. లెన్సు లోపల ఫోకస్ జరిగినప్పుడు ఈ ఇబ్బంది సాధారణంగా తక్కువ. కెమెరాకూ లెన్సుకూ మధ్య ఎక్స్‌టెన్షన్ గొట్టాలు వేసి రెండింతల పరిమాణానికి వెళ్ళినవారికి రైల్ అవసరమే, కాని అక్కడ ఒక్కో అడుగు మిల్లీమీటరులో పదో వంతు ఉండాలి, అంత సన్నని కదలికను ఈ మరతో చేతి వేళ్ళు నమ్మకంగా ఇవ్వలేవు. ఆ పని చేసేవారు స్టాక్‌షాట్ వంటి మోటారు రైల్ వైపు చూడడం మంచిది. పాత కెమెరాతో, నిజ పరిమాణానికి అటూ ఇటూ, కదలని వాటిని తీసే నాబోటివారికే ఇది సరిగ్గా సరిపోతుంది.

ఫోటోలను కలపడానికి నేను జెరీన్ స్టాకర్, హెలికాన్ ఫోకస్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ వాడి చూశాను. జెరీన్‌లోని పీమాక్స్ పద్ధతి ఒకదానినొకటి దాటే వెంట్రుకలను, నాచు పోగులను బాగా నిలబెడుతుంది, కాని ఫోటో చుక్కచుక్కలుగా కనిపించే గింజదనాన్ని పెంచుతుంది. అందులోనే ఉన్న డీమాక్స్ పద్ధతి రంగులను, నున్నని ఉపరితలాలను ఉన్నవున్నట్టు ఉంచుతుంది. పుట్టగొడుగు గొడుగుకు రెండోదాన్ని, కాడ మొదట్లోని నాచుకు మొదటిదాన్ని తీసుకుని రెంటినీ జోడించడం నాకు అలవాటైంది.

ఇటువంటి రైల్ కొనదలచినవారు దుకాణానికి మీ కెమెరాను, బరువైన లెన్సును తీసుకువెళ్ళండి. బిగించి, లెన్సు నేల వైపు వాలేలా నలభై అయిదు డిగ్రీలు వంచి, బిగింపు మర వదులు చేసి ఒక నిమిషం చూడండి. నా రైల్ అలా వంచినప్పుడు తనంతట తానే కిందికి జారుతుంది, బిగిస్తే ఫోటో చట్రం వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది, అందువల్ల పై నుంచి తీయవలసిన నేల పుట్టగొడుగులను ఇప్పటికీ పక్క నుంచే తీస్తున్నాను. ఆ పరీక్ష అప్పుడే చేసి ఉంటే అదే అరలో ఉన్న, మరికొంత ధర ఎక్కువైన సన్నని మర గల రైల్‌ను తీసుకుని ఉండేవాణ్ణి.